డీఎన్ఏ రిపోర్ట్‌లో శాతాలను ఎలా చదవాలి? నెల్లూరు, ప్రకాశం కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో డీఎన్ఏ రిపోర్ట్ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు. దక్షిణ భారతం 91, ఉత్తర భారతం 6, మధ్య ఆసియా 2, మెలనేషియా 1 అని ఉంటుంది. ఇక కోవూరులోనో కందుకూరులోనో చర్చ మొదలు. ‘మన పెద్దోళ్లు ఉత్తరాది నుంచి వచ్చారా?’, ‘మెలనేషియా అంటే ఎక్కడ?’, ‘మన కులం పేరు ఎందుకు రాలేదు?’ ఈ ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నాను. పైన చెప్పిన నాలుగు అంకెల రిపోర్ట్‌నే ఉదాహరణగా పెట్టుకుందాం.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆ శాతాలు మీ పూర్వీకులు ఎక్కడ కాపురం ఉన్నారో చెప్పే రికార్డు కాదు. కంపెనీ దగ్గర ఇవాళ ఉన్న కొంతమంది డీఎన్ఏతో మీది ఎంత కలిసిందో చెప్పే అంచనా మాత్రమే. కింద రాసిందంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

1. కిట్ కొనేముందు: ఎవరి చేత చేయించాలి?

చాలామంది ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల చేత చేయిస్తారు, ఎందుకంటే కిట్ కొనేది వాళ్లే. చేయించాల్సింది అందరికన్నా పెద్దవాళ్ల చేత. అమ్మమ్మ డీఎన్ఏలో సగం అమ్మకు వస్తుంది, అమ్మది సగం మీకు వస్తుంది. అమ్మమ్మ పరీక్ష చేయించుకుంటే, మీ దాకా రాకుండా పోయిన భాగం కూడా దొరుకుతుంది.

ఒక్క కిట్టే కొనగలిగితే పెద్దవాళ్లకు. రెండు కొనగలిగితే అమ్మకు, నాన్నకు. మూడోది కొనే స్తోమత ఉంటేనే మీకు. అమ్మానాన్నల రిపోర్టులు పక్కన లేకపోతే మీ రిపోర్ట్‌లోని చిన్న అంకెలను సరిచూడడం దాదాపు అసాధ్యం.

కంపెనీ మన దేశానికి కిట్ పంపుతుందా, ఇక్కడి నుంచి నమూనా వెనక్కి తీసుకుంటుందా అన్నది ఆర్డర్ పెట్టకముందే వాళ్ల సైట్‌లో చూడండి. పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడే చేయించడం తేలిక.

ఇంకొకటి, దీన్ని మొహమాటం లేకుండా ఇంట్లో మాట్లాడాలి. ఈ పరీక్ష శాతాలతో పాటు బంధువుల జాబితా కూడా ఇస్తుంది. మన ఇళ్లలో దత్తతలు మామూలే. పిల్లలు లేని పెదనాన్నకు ఇచ్చిన కొడుకు ఇంటిపేరు మారి ఉండొచ్చు, ఆ సంగతి మనవళ్లకు తెలియకపోవచ్చు. అంతకంటే ఇబ్బంది పెట్టే విషయాలూ బయటపడొచ్చు. ‘ఏం తెలిసినా ఫర్వాలేదు’ అని పెద్దాయన తన నోటితో అన్నాకే కిట్ తెరవండి.

2. రిపోర్ట్ వచ్చేలోపు ఇంటి కాగితాలు

నమూనా పంపాక కొన్ని వారాలు ఆగాలి. అసలు పని ఈ సమయంలోనే ఉంది. కాగితం మీద వంశవృక్షం లేకుండా శాతాలు చూస్తే ప్రతి అంకెకూ ఓ కథ పుట్టుకొస్తుంది.

కనీసం ముత్తాతల తరం దాకా, అంటే ఎనిమిది మంది పేర్లు, ఊళ్లు రాయండి. తాతల ఊళ్లు అందరికీ తెలుసు. నాయనమ్మల, అమ్మమ్మల పుట్టిళ్ల దగ్గరే ఖాళీలు వస్తాయి. వాటిని పూరించడానికి:

- పాత దస్తావేజులు. ‘ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి కుమారుడు ఫలానా’ అన్న ఒక్క వాక్యంలో రెండు తరాలు, ఒక ఊరు దొరుకుతాయి. హద్దుల దగ్గర అన్నదమ్ముల పేర్లు కూడా కనిపిస్తాయి.
- సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసే ఈసీ, రెవెన్యూ అడంగల్.
- పాత శుభలేఖలు. పెళ్లికూతురు తాతగారి ఊరు చాలావాటిలో ఉంటుంది.
- కాశీ, గయ వెళ్లొచ్చిన పెద్దలుంటే అక్కడి పండాల పుస్తకాల్లో రాయించిన పేర్లు.

జిల్లా పేర్ల దగ్గర తికమక పడకండి. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో ఆ పేరు వచ్చింది. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో, ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1కి ముందు కాగితాలైతే మద్రాసు రాష్ట్రం. తాతగారి సర్టిఫికెట్‌లో కర్నూలు జిల్లా అని ఉందని ‘రాయలసీమ నుంచి వలస వచ్చాం’ అనుకుంటారు. గిద్దలూరు దగ్గరి ఊరైతే ఆయన ఊరు కదల్లేదు, జిల్లా కదిలింది. అందుకే ఊరి పేరు, తాలూకా పేరు రాసి, పక్కన సంవత్సరం వేయండి.

3. నమూనా ఇవ్వడం

ఇది తేలికే, కానీ పెద్దవాళ్ల దగ్గర తప్పులు జరుగుతాయి.

- ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. వక్కాకు, పొగాకు నమిలే అలవాటున్నవాళ్లయితే పొద్దున లేవగానే, ఏదీ నోట్లో వేసుకోకముందే తీయించండి.
- ఉమ్మి గీత దాకా రావాలి. నురగను లెక్కలోకి తీసుకోకూడదు.
- నోరు ఆరిపోతుంటే బుగ్గలను బయటి నుంచి నెమ్మదిగా రుద్దమనండి. పెద్దవాళ్లను తొందర పెట్టొద్దు.
- మూతలోని ద్రవం కిందికి దిగాక కిట్‌లో చెప్పినట్టు ఊపాలి.
- బార్‌కోడ్ నంబరును ఆన్‌లైన్‌లో ఎక్కించాకే పోస్ట్ చేయాలి. ఒకే ఇంట్లో రెండు కిట్లుంటే ట్యూబుల మీద పేర్లు రాసుకోండి. అమ్మది నాన్న ఖాతాలోకి పోతే సరిచేయడం తలనొప్పి.

4. ఆ శాతం ఎలా పుడుతుంది?

మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఈ కంపెనీలు అన్నీ చదవవు. మనిషికీ మనిషికీ తేడా ఉండే 6, 7 లక్షల చోట్లను మాత్రమే చూస్తాయి. తర్వాత మీ క్రోమోజోమ్‌లను చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క తమ దగ్గరున్న ఏ గుంపుకు దగ్గరగా ఉందో లెక్క వేస్తాయి. ఆ గుంపుల సముదాయాన్ని రిఫరెన్స్ ప్యానెల్ అంటారు. తాతలు, అమ్మమ్మలు అందరూ ఒకే ప్రాంతంలో పుట్టినవాళ్లను వెతికి అందులో చేరుస్తారు.

బియ్యం కొట్టు తీరు తలుచుకోండి. మీరు గుప్పెడు మొలగొలుకులు పట్టుకెళ్లి ‘ఇవేంటి?’ అని అడిగారు. కొట్లో మొలగొలుకుల పళ్లెం లేదు. కొట్టాయన తన ముందున్న పళ్లేలలో దేనికి దగ్గరగా ఉంటే ఆ పేరు చెబుతాడు, ‘నూటికి 91 పాళ్లు అదే’ అని కూడా అంటాడు. అబద్ధమాడలేదు. పళ్లెం లేదు, అంతే.

మన పళ్లేలు ఎన్ని ఉన్నాయి? పరిశోధకులు విరివిగా వాడే వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టులో తెలుగువాళ్ల నమూనా ఉంది. 2015లో ప్రచురించిన విడతలో 102 మంది. వాళ్లంతా బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు. అది ‘తెలుగు’ అన్న ఒక్క గుంపే, నెల్లూరు వేరు, శ్రీకాకుళం వేరు అని అందులో విడదీయలేదు. మన ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10,000 మంది జీనోమ్‌లు చదివి 2025 జనవరిలో డేటా విడుదల చేశారు. అది పరిశోధకుల కోసం. మీ కిట్ కంపెనీ ప్యానెల్‌లోకి దానంతటది వచ్చి చేరదు.

మన దేశానికి ఇంకో చిక్కు ఉంది, అసలు ముడి ఇదే. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. భారతీయుల్లో చాలా గుంపులు రెండు పురాతన మూలాల కలయిక అనీ, గుంపును బట్టి ఆ పాళ్లు మారతాయనీ అందులో చూపించారు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని 2013లో వచ్చిన మరో అధ్యయనం లెక్కగట్టింది. ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లు పెళ్లి చేసుకోవడం బిగుసుకుంది. దాంతో ఒకే ఊళ్లో పక్కపక్క వీధుల్లో వందల ఏళ్లుగా ఉన్న రెండు కుటుంబాల డీఎన్ఏ కాస్త తేడాగా ఉండొచ్చు. కంపెనీ మాత్రం గుంపులకు ప్రాంతాల పేర్లు పెడుతుంది. వీధికీ వీధికీ ఉన్న తేడాను తీసుకెళ్లి మ్యాప్ మీద రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తేడాగా గీస్తుంది.

5. రిపోర్ట్ చదివే వరస

ఈ వరస తప్పొద్దు. చాలామంది కింద నుంచి, అంటే 1 శాతం నుంచి మొదలుపెడతారు. టెన్షన్లన్నీ అక్కడే పుడతాయి.

*మొదట పెద్ద గుంపు.* 91, 6 కలిపి 97 దక్షిణాసియా. ఖండం స్థాయిలో ఈ పరీక్షలు బాగా నమ్మదగినవి. ఇక్కడ దాకా ధీమాగా చెప్పొచ్చు.

*రెండోది రేంజ్.* 6 అన్న అంకె మీద నొక్కితే కొన్ని కంపెనీలు ‘0 నుంచి 11’ లాంటి హద్దులు చూపిస్తాయి. 23అండ్‌మీ అనే అమెరికా కంపెనీ రిపోర్ట్‌లో నమ్మకం స్థాయిని 50 శాతం నుంచి 90 శాతం దాకా జరుపుకునే వీలుంది. పైకి జరిపినప్పుడు 6 కరిగి ‘బ్రాడ్లీ సౌత్ ఏషియన్’ (మొత్తమ్మీద దక్షిణాసియా) లాంటి పేరులో కలిసిపోతే, కంపెనీకే దాని మీద గట్టి నమ్మకం లేదన్నమాట. హద్దుల్లో సున్నా ఉంటే ఆ అంకెను పక్కన పెట్టండి.

*మూడోది అమ్మానాన్నలతో సరిచూడడం.* మీకు 2 శాతం మధ్య ఆసియా వచ్చి, అదే కంపెనీలో అమ్మకూ నాన్నకూ సున్నా వస్తే అది లెక్కలో వచ్చిన రొద, అంటే పొరపాటున పడిన అంకె. అమ్మానాన్నల దగ్గర లేనిది మీకు రావడానికి దారి లేదు.

*నాలుగోది తరాల లెక్క.* ఒక్క పూర్వీకుడి నుంచి సగటున వచ్చే వాటా ఇది:

- తాత, అమ్మమ్మ, నాయనమ్మ: 25 శాతం
- ముత్తాత తరం: 12.5
- వాళ్ల అమ్మానాన్నలు: 6.25
- ఇంకో తరం వెనక్కి: 3.1
- ఆపై తరం: 1.6

మన ఉదాహరణలో 6 శాతం ఉత్తర భారతం నిజంగా ఒకే మనిషి నుంచి వచ్చి ఉంటే, ఆ మనిషి ముత్తాతకు తండ్రో తల్లో అయి ఉండాలి. 1990లో పుట్టినవాళ్లకు అది సుమారు 1880ల సంగతి. ఆ రోజుల్లో ఉత్తరాది సంబంధం చేసుకుని ఉంటే ఇంట్లో కథగానైనా మిగిలేది. మీరు పైన రెండో భాగంలో చెప్పినట్టు రాసుకున్న ఎనిమిది మంది పక్కన అలాంటి ఆనవాలు ఉందా? లేకపోతే ఆ 6, వేల ఏళ్ల కిందటి కలయికలో మీ గుంపు పాళ్లు ప్యానెల్‌లోని గుంపు కంటే కాస్త తేడాగా ఉండడం వల్ల వచ్చి ఉంటుంది.

*ఐదోది ముక్కల పొడవు.* క్రోమోజోమ్ బొమ్మ ఇచ్చే కంపెనీ అయితే అది తెరవండి. దగ్గరి తరంలోని పూర్వీకుడి నుంచి వచ్చింది పొడవాటి పట్టీలుగా, కొన్ని చోట్లే కనిపిస్తుంది. పాత కలయిక వల్లో లెక్క రొద వల్లో వచ్చింది అన్ని క్రోమోజోముల మీదా చిన్న చిన్న చుక్కలుగా చెదిరి ఉంటుంది. ఈ ఒక్క పరిశీలనతో సగం సందేహాలు తీరిపోతాయి. ఎందుకో దీన్ని తెరిచేవాళ్లే తక్కువ.

*చివరగా 2 లోపు అంకెలు.* మెలనేషియా అంటే పాపువా న్యూగినియా, ఆ చుట్టుపక్కల దీవులు. మెలనేషియా 1 అంటే మీ తాత ఓడెక్కి వచ్చాడని కాదు. దక్షిణాసియా పురాతన మూలాల్లో ఒక పాయకు అండమాన్ వాసులతోనూ, ఇంకా దూరంగా పాపువా వైపు జనంతోనూ చాలా పాత చుట్టరికం ఉంది. ఏ పళ్లెంలోనూ ఇమడని చిన్న ముక్కలు ఆ పేరు కింద పడతాయి. 2 శాతం మధ్య ఆసియా కూడా ఎక్కువగా అలాంటిదే.

అన్ని కుటుంబాలకూ ఒకే జవాబు వర్తించదు. ప్రకాశం పశ్చిమాన సుగాలి తండాల నుంచి వచ్చినవాళ్లకు, ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లకు, మార్వాడీ కుటుంబాలకు ఉత్తర, పశ్చిమ భారత శాతం పెద్దగా రావడంలో వింత లేదు. వాళ్ల ఇంటి భాషే సాక్ష్యం. బ్రాహ్మణ కుటుంబాలకు అదే ఊళ్లోని పొరుగువాళ్ల కంటే ఉత్తర శాతం కొంచెం ఎక్కువ రావచ్చు. ఉదయగిరి, నెల్లూరు ముస్లిం కుటుంబాలు ‘అరబ్ సున్నా వచ్చింది, మా వంశకథ అబద్ధమా?’ అని అడుగుతారు. పది తరాల వెనక్కి వెళ్తే వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. ఆ తరంలో చాలామంది నుంచి మీకు ఒక్క ముక్క కూడా రాదు. సున్నా వస్తే కథ తప్పని తేలదు, ఒప్పని కూడా తేలదు.

6. మేనరికం ఉన్న ఇళ్లలో లెక్క మారుతుంది

కంపెనీల సహాయం పేజీలు పాశ్చాత్య కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన ఇళ్లకు అవి నేరుగా అతకవు.

అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ అనుకుందాం. వాళ్ల బిడ్డకు నాన్న తండ్రి తాత అవుతాడు. ఆయనే అమ్మ వైపు నుంచి అమ్మమ్మకు తండ్రి, అంటే ముత్తాత కూడా. నాన్న ద్వారా 25, అమ్మ ద్వారా 12.5 కలిసి ఆ ఒక్క మనిషి వాటా సగటున 37.5 శాతం అవుతుంది. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకున్న ఇంట్లో, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తాత, ఆయన భార్య బిడ్డకు రెండు వైపులా ముత్తాత, ముత్తవ్వ అవుతారు. అప్పుడు ఒక్కొక్కరిది 12.5 కాదు, 25. కాబట్టి పైన ఇచ్చిన తరాల పట్టికను వాడేముందు మీ వంశవృక్షంలో ఒకే పేరు రెండు చోట్ల వస్తోందా చూసుకోండి.

దీని ప్రభావం బంధువుల జాబితా మీద ఇంకా గట్టిగా ఉంటుంది. ‘రెండో కజిన్’ (ముత్తాత, ముత్తవ్వ ఒకరే అయిన చుట్టం) అని చూపించిన మనిషి నిజానికి అంతకంటే దూరపు చుట్టమై, అనేక దారుల్లో కొద్దికొద్దిగా కలిసి ఉండొచ్చు. మేనరికం లేకపోయినా తరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే ఇదే జరుగుతుంది. జాబితాలో వందల మంది దూరపు బంధువులుంటే కంగారు పడొద్దు. పొడవాటి ముక్కలు పంచుకున్నవాళ్లతోనే మాట కలపండి.

7. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

‘అన్నకు ఉత్తరం 9, చెల్లికి 4. ఎవరిదో తప్పు.’ రెండూ సరే. అమ్మానాన్నల నుంచి చెరి సగం వస్తుంది కానీ ఏ సగం వస్తుందన్నది ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది.

‘పోయినేడు 6 ఉండేది, ఇప్పుడు 1 అయింది.’ ప్యానెల్ మారింది, మీ డీఎన్ఏ కాదు. ప్రతి అప్‌డేట్‌కు ముందు తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. అన్ని అప్‌డేట్లలోనూ నిలిచిన అంకెకే విలువ.

రెండు కంపెనీల అంకెలకు సగటు తీయడం. ఒకరి ‘దక్షిణ భారతం’, ఇంకొకరి ‘దక్షిణ భారతం’ ఒకే గుంపు కావు. సగటు తీస్తే రెండూ చెడతాయి.

కులం, గోత్రం వెతకడం. శాతాల్లో కులం ఉండదు. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్ గుంపు, తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా గుంపు కొన్ని రిపోర్టుల్లో ఉంటాయి. అవి వంశవృక్షంలో ఒక్కో గీతనే చూపిస్తాయి. ఒకే గోత్రంవాళ్లకు వేర్వేరు వై గుంపులు రావడం మామూలే. మైటోకాండ్రియాలో ‘ఎం’ అనే గుంపు వచ్చిందని ప్రత్యేకంగా అనుకోనక్కర్లేదు, భారతీయుల్లో సగానికి పైగా దాని శాఖల్లోనే ఉంటారు.

జెడ్‌మ్యాచ్ లాంటి, డీఎన్ఏ ఫైళ్లను పోల్చి చూపే సైట్లలో పేర్లు చూసి బెదరడం. రా డేటా ఫైలు (కంపెనీ చదివిన మీ డీఎన్ఏ అక్షరాల జాబితా) ఎక్కిస్తే అక్కడ హరప్పావరల్డ్ అనే లెక్క దొరుకుతుంది. తెలుగువాళ్లకు అందులో ‘సౌత్ ఇండియన్’ తర్వాత ‘బలోచ్’ అని దాదాపు మూడో వంతు కనిపిస్తుంది. ‘మేం బలూచిస్తాన్ వాళ్లమా?’ అని అడిగేది ఇక్కడే. ఆ పేరు ఒక గణిత భాగానికి పెట్టిన గుర్తు, ఆ భాగం అక్కడి జనంలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి. మీ అంకెను అదే లెక్కలో ఇతర తెలుగువాళ్లకు వచ్చిన అంకెలతో పోల్చండి, మ్యాప్‌తో కాదు.

రా డేటాతో జబ్బులు వెతకడం. వద్దు. ఆ ఫైలులో తప్పుడు అక్షరాలు కూడా ఉంటాయి. అనుమానం ఉంటే డాక్టర్ ద్వారా ఆస్పత్రి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

8. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేముందు చెక్‌లిస్ట్

- ఎనిమిది మంది ముత్తాతల తరం పేర్లు, ఊళ్లు రాశాను
- వంశవృక్షంలో మేనరికాలు, దత్తతలు గుర్తుపెట్టాను
- ప్రతి అంకెకూ రేంజ్ చూశాను
- అమ్మదో నాన్నదో రిపోర్ట్‌తో పోల్చాను
- క్రోమోజోమ్ బొమ్మలో పట్టీలా, చుక్కలా చూశాను
- 2 లోపు అంకెలను కొట్టేశాను
- పరీక్ష చేయించుకున్న మనిషి ‘పెట్టు’ అన్నారు

9. డేటాను ఏం చేయాలి?

డీఎన్ఏ డేటా పాస్‌వర్డ్ లాంటిది కాదు, ఒకసారి బయటికి పోతే మార్చుకోలేం. పైగా అది మీ ఒక్కరిదే కాదు, మీ తోబుట్టువులది కూడా. 2023లో 23అండ్‌మీ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది, తర్వాత దాని వ్యవస్థాపకురాలు నడిపే లాభాపేక్ష లేని సంస్థ చేతికి వెళ్లింది. జెడ్‌మ్యాచ్‌లోని డేటా ఆధారంగా 2018లో కాలిఫోర్నియా పోలీసులు పాత హత్య కేసుల నిందితుణ్ని పట్టుకున్నారు. అది మంచికే జరిగింది. కానీ ఫైలు ఎక్కించిన అతని దూరపు చుట్టాలు దానికోసం ఎక్కించలేదు.

చేయాల్సిన పని వరస:

1. ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి. వేరే సైట్లలో వాడిన పాస్‌వర్డ్ పెట్టొద్దు, 2023లో దొంగలు దూరింది ఆ దారిలోనే.
2. బంధువుల జాబితాలో కనిపించాలా వద్దా అన్న సెట్టింగ్ చూడండి. పరిశోధనకు ఇచ్చే అంగీకారం వేరే పేజీలో ఉంటుంది, అదీ చూడండి.
3. రా డేటా ఫైలు, రిపోర్ట్ పీడీఎఫ్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో పంపొద్దు.
4. ఇక అవసరం లేదనుకుంటే డేటా తీసేయమని అడగండి. ల్యాబ్‌లో ఉన్న ఉమ్మి నమూనాను పారేయమనడం చాలా కంపెనీల్లో విడిగా ఉంటుంది. రెండూ నొక్కాలి. ఒక్కసారి తీసేస్తే తర్వాతి అప్‌డేట్లు రావు కాబట్టి మూడోది పూర్తయ్యాకే ఇది చేయండి. కన్ఫర్మేషన్ మెయిల్ వస్తుంది, దాన్ని కూడా అదే పెన్‌డ్రైవ్‌లో దాచండి.